మంచం నుంచి కైవారం దాకా

కాశీకి పోయివచ్చినవారు, బదరీకి పోయివచ్చినవారు తమ యాత్రా విశేషాలు వ్రాస్తే చదివి సంతోషించినవాడిని నేను. నేను చేసిన యాత్ర అంత గొప్పది కాదు. అది బాగేపల్లిలో మా ఇంటి నడవాలోని మంచం దగ్గర మొదలై, చిక్కబళ్ళాపురం పోయి, చింతామణి చేరి, ఆ పక్కనున్న కైవారంలో ముగిసినది. బస్సు ఎక్కితే ఒక పూట ప్రయాణం. నాకు ఆరు నెలలు పట్టినది. ఈ ప్రయాణమంతా నేను విరిగిన మోకాలితో చేసినాను. ఇటువంటి దెబ్బ తగిలినవారు మన కుటుంబాలలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరైనా ఉంటారు గనుక, నాకు తెలిసివచ్చిన నాలుగు సంగతులు చెప్పుకుంటాను.

మా ప్రాంతం ఎరుగనివారికి ముందుగా రెండు మాటలు. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఆంధ్ర సరిహద్దుకు ఈవల ఉన్న కడపటి తాలూకా ఊరు బాగేపల్లి. 2007 దాకా మేము కోలారు జిల్లావారము. ఆ ఏట చిక్కబళ్ళాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినది. మా పిల్లలకు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. 2025 జూలైలో కర్ణాటక మంత్రివర్గం నందికొండ మీద సమావేశమై మా ఊరికి భాగ్యనగర అని పేరు పెట్టాలని తీర్మానించినది. మా వీధివాళ్ళ నోట మాత్రం అది బాగేపల్లే.

పుష్యమాసంలో మా పక్క రోడ్లమీద ఒక వింత కనిపిస్తుంది. రైతులు కోసిన రాగి, ఉలవకట్టె తెచ్చి రోడ్డు మీద పరుస్తారు. లారీలు, బస్సులు దానిమీద పోతుంటే గింజ రాలుతుంది. ఒకనాటి సాయంత్రం చేలూరు దారిలో వస్తుండగా నా స్కూటరు ఆ ఉలవకట్టెమీద జారినది. రైతును నేను నిందించను. ఊరి కళ్ళాలన్నీ ఇళ్ళ స్థలాలైపోతే అతడు ఎక్కడ నూర్చుకోవాలి? నిదానంగా రావలసినవాడిని నేను. పడిన చోటినుంచి లేవబోతే కుడికాలు నా మాట వినలేదు. మోకాలు చూస్తుండగానే గుమ్మడికాయంత అయినది.

ఎక్స్‌రే తీసి చూపించినారు. మోకాలి కింది పెద్ద ఎముకకు పైభాగం పళ్ళెంలాగా చదునుగా ఉంటుంది. తొడ ఎముక ఆ పళ్ళెం మీద కూర్చుని తిరుగుతుంది. నా పళ్ళెం రెండుగా చీలి, ఒక ముక్క లోపలికి కుంగిపోయినది.

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద పంచాయతీ జరిగినది. సగంమంది పుత్తూరు పోదామన్నారు. తిరుపతి దగ్గరి పుత్తూరులో పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలతో కట్టే కట్టు మన దక్షిణదేశమంతటా ప్రసిద్ధమే గదా. మా తాతగారి చెయ్యి అక్కడి కట్టుతోనే అతుక్కున్నది. నాకూ ఆ కట్టుమీద గౌరవం ఉన్నది. అయితే వైద్యులు చెప్పిన మాట నా లెక్కల బుర్రకు ఎక్కినది. ఎముక నడుమ విరిగితే కొంచెం వంకరగా అతికినా కాలం గడుస్తుంది. కీలులో విరిగితే అట్లా కాదు. పళ్ళెం కొద్దిపాటి మిల్లీమీటర్లు కుంగి ఉన్నా తొడ ఎముక దానిమీద సరిగ్గా తిరగదు, కొన్నేళ్ళకు కీలు అరిగిపోతుంది. పైగా నెలల తరబడి కట్టులో ఉంచిన మోకాలు బిగుసుకుపోయి ఇక వంగనంటుంది.

వాపు తగ్గేదాకా వారం రోజులు ఆగి, బెంగళూరులో ఒక ఆస్పత్రిలో శస్త్రచికిత్స చేసినారు. కుంగిన ముక్కను పైకెత్తి, ఆ ఖాళీలో నా తుంటి ఎముకనుంచే కొంత తీసి నింపి, లోహపు పట్టీ పెట్టి మరలు బిగించినారు. ఇంటికి పంపేటప్పుడు వైద్యులవారు, “నా వంతు సగం పని అయినది మేష్టారూ, మిగిలిన సగం మీ ఇంట్లో మీరు చేయాలి” అన్నారు. ఆ మాట మర్యాదకు అన్నారనుకున్నాను. అది లెక్క ప్రకారం అన్నమాట అని తరువాత తెలిసినది.

ఈ సంగతికి ఒక చరిత్ర ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అనే గొప్ప ఎముకల వైద్యుడు ఉండేవాడు. ఆయన వంశం మన పుత్తూరువారి వంటిదే, తరతరాలుగా ఎముకలు కట్టినవారు. దెబ్బతిన్న కీలుకు కావలసినది దీర్ఘమైన, ఎడతెగని విశ్రాంతి అని ఆయన సిద్ధాంతం. చాలాకాలం లోకమంతా ఆ దారినే నడిచినది. 1958లో స్విట్జర్లాండులో కొందరు శస్త్రవైద్యులు ఒక సంఘంగా ఏర్పడి, విరిగిన ఎముకను లోపలనే గట్టిగా బిగిస్తే కీలును త్వరగా కదిలించవచ్చునని నిరూపించే పనికి పూనుకున్నారు. 1970 ప్రాంతాన కెనడాలో రాబర్ట్ సాల్టర్ అనే వైద్యుడు మరొక అడుగు ముందుకు వేసి, కదలిక వల్లనే కీలులోని మృదువైన ఎముక బాగా మానుతుందని ప్రయోగాలు చేసి చూపినాడు. అంటే నా మోకాలిలో మరలు బిగించినది కాలిని కదలకుండా పెట్టుకునేందుకు కాదు, కదిలించేందుకే.

ఇంటికి వచ్చినాను. ఆరు వారాలు కుడికాలు నేలమీద మోపరాదు. మంచం నుంచి గడప పదకొండు అడుగులు. నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని, ఎడమకాలితో కుంటుతూ ఆ పదకొండు అడుగులు నడిస్తే, బస్తా మోసినవాడిలాగా చెమట పట్టేది. నేలమీది దొడ్డికి పోలేను గనుక కమోడు కుర్చీ తెచ్చినారు. ఇన్నేళ్ళు నేలమీద కూర్చుని తిన్నవాడిని మంచం మీద తింటుంటే ఏదో తప్పు చేస్తున్నట్లు ఉండేది.

మొదటి పొరపాటు ప్రేమవల్ల జరిగినది. కాలు నొప్పి అంటున్నానని మా ఇంటావిడ మెత్తటి దిండు తెచ్చి మోకాలి కింద పెట్టినది. ప్రాణం లేచివచ్చినట్లు ఉండినది. కాలికి వ్యాయామం నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి దానిని చూచి, “సార్, ఈ దిండు మీకు శత్రువు” అని తీసి పక్కన పెట్టినది. మోకాలి కింద దిండు ఉంటే కాలు కొంచెం వంగినట్లే బిగుసుకుని, తరువాత పూర్తిగా చాపడానికి రాదు. దిండు పెట్టితే మడమ కింద పెట్టాలి, మోకాలు గాలిలో ఉండి తన బరువుతో తాను చాచుకోవాలి.

ఆ అమ్మాయి చెప్పిన పాఠాలు ఇవి. మొదటిది, పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం. ఇది గంటకొకసారి చేయాలి. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఇది కాపాడుతుంది. రెండవది, తువ్వాలు చుట్టచుట్టి మోకాలి కింద పెట్టుకుని, దానిని అయిదు లెక్కపెట్టేదాకా నొక్కి, వెంటనే తీసివేయడం. దీనితో తొడ ముందరి కండ బలపడుతుంది. దెబ్బతిన్న తరువాత మొదట క్షీణించేది ఆ కండే. రెండు వారాలలో నా తొడ చెరకుగడలాగా అయినది. మూడవది, కాలు చాచి జానెడు ఎత్తు లేపి నిలపడం. నాలుగవది, అన్నిటికన్నా కష్టమైనది, మడమను మంచం మీద జారుస్తూ తుంటివైపు లాక్కోవడం. మడమ సులువుగా జారేందుకు మా ఇంటావిడ పాత పట్టుచీర ముక్క ఒకటి పరిచినది. శిడ్లఘట్ట పట్టుకు అటువంటి ఉపయోగం కూడా ఉన్నదని నేతగాళ్ళకు తెలియదు.

నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాడిని. నల్లబల్లమీద వాడిన పెద్ద కొయ్య కోణమానిని ఇంట్లోనే ఉన్నది. రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకు దానిని మోకాలి పక్కన పెట్టి కొలిచి, నోటుపుస్తకంలో వ్రాసుకునేవాడిని. తిన్నగా చాపితే సున్న డిగ్రీలు. నడవడానికి సుమారు 65 నుంచి 70 డిగ్రీల వంపు కావాలి. మెట్లు ఎక్కడానికీ దిగడానికీ 80 నుంచి 90. కుర్చీనుంచి లేవడానికి తొంభై దాటాలి. నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చోవాలంటే నూటఇరవై కూడా చాలదు. కుర్చీల దేశాలవారికి తొంభైతో సంసారం గడుస్తుంది. పీటమీద కూర్చునే మనబోటివారికి మోకాలు ఇంకా చాలా దూరం పోవాలి.

పుస్తకంలో మొదటి రోజు 25. రెండు వారాలకు 48. నాలుగు వారాలకు 70. అప్పుడు పక్కింటి అవ్వ చింతపండు గింజలు తీస్తూ మా అరుగుమీద కూర్చుని, “ఏం నాయనా, ఈ పొద్దు ఎంతకొచ్చింది ధర?” అని సంత ధర అడిగినట్లు అడిగేది.

తిండి విషయం కూడా చెప్పాలి. ఎముకకు సున్నం కావాలని అందరూ చెబుతారు. అది మా ఇంటి కుండలోనే ఉన్నది. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. రాగిసంగటి, ఊరుబిండి, పప్పు, పాలు, పొద్దుటి ఎండ. ఇవి చాలు. పొగతాగడం ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది. ఆ అలవాటు ఉన్నవారు ఈ సాకుతోనైనా మానుకోవచ్చును.

ఆరు వారాలు నిండిన తరువాత ఎక్స్‌రేకు చిక్కబళ్ళాపురం పోయినాము. బాగేపల్లినుంచి ఇంచుమించు నలభై కిలోమీటర్లు. కారు వెనుక సీటులో కాలు చాపుకుని కూర్చుంటే, పేరేసంద్ర దాటగానే కొండల వరుస కనబడినది. వాటినడుమ నందికొండ. ఉత్తర పినాకిని పుట్టిన చోటు. నందికి సమీపాన ముద్దేనహళ్ళి ఉన్నది. కంభం, గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం నుంచి పూర్వులు వలసవచ్చిన తెలుగు ఇంట విశ్వేశ్వరయ్యగారు 1861లో అక్కడ పుట్టి, చిక్కబళ్ళాపురం బడిలో చదువుకున్నారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు, మరల అటువంటి ఆపద రాకుండా ఎగువన జలాశయాలు కట్టాలని సలహా చెప్పినది ఆయనే. నూరేళ్ళు నిండిన తరువాత 1962లో కన్నుమూసినారు. ఆనకట్టల పని తెలిసినవారిని అడగండి, గోడ కట్టడం ఒక ఎత్తు, అది గట్టిపడేదాకా తడి ఆరకుండా నీళ్ళు పట్టడం ఒక ఎత్తు అంటారు. ఆ రెండవ పనికి శంకుస్థాపన ఉండదు, శిలాఫలకం ఉండదు. నా మోకాలి సంగతి కూడా అదే.

ఎముక బాగా అతుకుతున్నదని చిక్కబళ్ళాపురంలో చెప్పినారు. కాని మోకాలు 78 దగ్గర ఆగిపోయి పది రోజులు అయినది. “ఇంకొక నెలలో తొంభై దాటకపోతే మత్తు ఇచ్చి వంచవలసి వస్తుంది. దానిలో కష్టాలు ఉన్నాయి. ఇంట్లోనే సాధించండి” అన్నారు. కుడికాలి వేళ్ళు నేలకు తాకించవచ్చును, బరువు మాత్రం ఇంకా మోపరాదన్నారు.

ఆ తరువాతి వారం నా జీవితంలో నేను గర్వించే వారం కాదు. నొప్పికి భయపడినాను. వ్యాయామం వేళకు నిద్ర నటించినాను. ఎవరో చెప్పగా నూనె పట్టించి బలంగా వంచే మనిషిని పిలిపించమని పట్టుబట్టినాను. ఇంటావిడ ఒప్పుకోలేదు. అతుకుతున్న ఎముకను మొరటుగా వంచితే మరల విరిగినా విరగవచ్చునని ఆ అమ్మాయి ముందే హెచ్చరించి పోయినది. దానికి ఇంటావిడమీద కేకలు వేసినాను. అన్నిటికన్నా సిగ్గుపడవలసినది ఒకటి ఉన్నది. ఒక సాయంత్రం కోణమానిని 77 చూపితే, పుస్తకంలో 84 అని వ్రాసినాను.

జవాబు దిద్ది చూపిన పిల్లలను ముప్పై నాలుగేళ్ళు బెంచీ ఎక్కించినవాడిని నేను. మరునాడు ఇంటావిడ ఆ పేజీ చూచినది. కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, “లెక్కల అయ్యవారే లెక్క తప్పితే ఎట్లాగండీ? ఆ కొయ్యముక్క ఇటివ్వండి. ఇకమీదట నేను కొలుస్తాను” అన్నది. కోణమానిని ఆమె చేతికి ఇచ్చినాను. ఆ రోజునుంచి పుస్తకంలో దస్తూరీ మారినది.

ఈ సంగతి చింతామణిలో ఉన్న మా చెల్లెలికి ఎట్లా తెలిసినదో, ఫోను చేసినది. “అన్నా, నువ్వు మా ఇంటికి వచ్చెయ్యి. నడవాలో ఉయ్యాల ఉంది. కూర్చుని ఊగు, అంతే” అన్నది. ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగితే, మంచి కాలితోనే తోసుకోవాలి, దెబ్బకాలు నేలమీద ఊరికే జారాలి, బరువు పడరాదు, ఎక్కి దిగేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి అని షరతులు పెట్టి ఒప్పుకున్నది.

చింతామణి వ్యాపారపు ఊరు. చింతామణిరావు అనే మరాఠా నాయకుని పేరుమీద వెలసినదని చెబుతారు. అప్పుడు నాకు ఊరు చూసే యోగం లేదు. తెల్లవారుజామున టమాటా లారీల చప్పుడు మాత్రం వినబడేది. నా ఊరు ఆ ఉయ్యాలబల్లే. పూటకు పది నిమిషాల చొప్పున రోజుకు అయిదుసార్లు ఊగేవాడిని. కాఫీ తాగినాక ఒకసారి, స్నానానికి ముందు, భోజనమైన గంటకు, పిల్లలు బడినుంచి వచ్చినప్పుడు, దీపాలవేళ. గడియారం చూడకుండా ఇంటి పనులకు ముడివేసినారు గనుక తప్పించుకునేందుకు వీలులేకపోయినది. ఊగడం అయినాక మోకాలిమీద తువ్వాలులో చుట్టిన ఐసుముక్కలు.

ఎందుకు పనిచేసినదో తరువాత తెలిసినది. మంచం మీద నేను పళ్ళు బిగబట్టి వంచుతున్నప్పుడు, నొప్పికి భయపడి నా తొడకండ తనకు తానే బిగుసుకుని మోకాలికి ఎదురు లాగుతున్నది. ఒక చేత్తో తలుపు తోస్తూ మరొక చేత్తో మూసినట్లు. ఉయ్యాలమీద చెల్లెలితో చిన్ననాటి కబుర్లు చెప్పుకుంటుంటే ఆ కండ తన భయం మరచిపోయినది. మోకాలు తానుగా వంగినది. వారానికి 83. రెండు వారాలకు 88. ఇరవయ్యవ రోజు మా ఇంటావిడ కోణమానిని పెట్టి, మరల పెట్టి, మూడవసారి పెట్టి, “తొంభైరెండు” అన్నది. చెల్లెలు వంటింట్లోకి పోయి ఓళిగలకు పిండి కలిపినది.

పన్నెండు వారాలకు బరువు మోపమన్నారు. మొదట కొంత, తరువాత సగం, తరువాత పూర్తిగా. వాకరు పోయి చేతికర్ర వచ్చినది. ఆ కర్రను దెబ్బకాలి చేతిలో కాదు, మంచికాలి వైపు చేతిలో పట్టాలట. మెట్లకు ఒక సూత్రం చెప్పినారు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. నాలుగవ నెలలో నంది గ్రామంలోని భోగనందీశ్వరుని గుడికి తీసుకుపోయినారు. వెయ్యేళ్ళ నాటి గుడి, విశాలమైన ప్రాకారం, చదునైన రాతి నేల. కొండమీదికి 1,175 మెట్లు ఉన్నాయని చెబుతారు. వాటికి కిందనుంచే దండం పెట్టి, కర్ర పట్టుకుని ప్రాకారం చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేసినాను. దానికి అరగంట పట్టినది. ఆ రాత్రి మోకాలు వాచినది. వాపు మరునాటికి తీయకపోతే పని తగ్గించాలి, తీస్తే కొనసాగించాలి అని మాకు నేర్పిన లెక్క. తీసినది.

ఇక కైవారం మాట. గాజులు అమ్ముకుంటూ ఊరూరా తిరిగి, తరువాత యోగి అయి, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు పాడిన నారాయణతాతయ్యగారి ఊరు అది. గురుపూర్ణిమకు అక్కడ సంగీతోత్సవం జరుగుతుంది. ఏటేటా నేను ముందు వరుసలో చాపమీద బాసిపట్టు వేసుకుని, తెల్లవారేదాకా విన్నవాడిని. మంచం మీద మడమ జార్చిన ప్రతిసారీ నా మనస్సులో ఉన్నది ఆ చాపే. ఈ ఏడు ఆషాఢం వచ్చేనాటికి నా మోకాలు 118. బాసిపట్టుకు చాలదు. ఇక ఎంత పెరుగుతుందో తెలియదని, బహుశా ఇంతేనని వైద్యులు నిజం చెప్పినారు.

పోనా మాననా అని రెండు రోజులు ఆలోచించినాను. చివరకు పోయినాను. ముందు వరుస దాటి వెనక్కు పోతుంటే తలవంపుగా ఉండినది. వెనుక గోడవారన ప్లాస్టిక్ కుర్చీలు వేసినారు. వాటిలో నావంటివారే ఇరవై ముప్పైమంది ఉన్నారు. ఇన్నేళ్ళుగా ముందు కూర్చుని నేను ఒక్కనాడూ వెనక్కు తిరిగి చూడలేదు గనుక వారి సంగతి ఎరుగను. గుడిబండ నుంచి వచ్చిన ఒక ముసలాయన కర్ర పక్కకు తీసి, “రా అప్పా, కూర్చో. తుంటా, మోకాలా?” అని అడిగినాడు. మోకాలన్నాను. “ఎంత వంగుతాది?” అన్నాడు. చెప్పినాను. ఆయన తనది తొంభైఅయిదు అన్నాడు. ఇద్దరమూ నవ్వుకుని పాట విన్నాము.

ఇది చదివే ఇళ్ళలో ఎవరికైనా ఇటువంటి దెబ్బ తగిలితే రెండు సంగతులు జ్ఞాపకం పెట్టుకోండి. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా, గాయం ఎర్రబడి చీము పట్టినా, జ్వరం వచ్చినా ఒక గంట కూడా ఆగక వైద్యుని దగ్గరకు పోవాలి. ఏ వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో, బరువు ఎప్పుడు మోపాలో మీ ఎముకను చూచిన వైద్యులు చెప్పాలి, నా పుస్తకం చూచి చేయకండి. రెండవది, కొలిచే పని రోగికి అప్పగించకండి. ఇంట్లో అబద్ధం వ్రాయని మనిషి ఒకరు ఉంటారు, వారికి ఇవ్వండి.

కైవారం నుంచి తిరిగివచ్చిన రాత్రి దీపాలవేళ దాటిపోయినది. ఈ ఒక్క పూటకు వద్దులే అన్నాను. మా ఇంటావిడ వినలేదు. కోణమానిని తెచ్చి పెట్టి చూచి, పుస్తకంలో తారీఖు వేసి, పక్కన 118 అని వ్రాసినది.